ఊపిరికి బలం ఎక్కడిది?

గాలిని ఊపిరితిత్తులే లాక్కుంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటంతట అవి ఉబ్బే కండబలం వాటికి లేదు. ఆ పని ముఖ్యంగా ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా ఉండే ఉదరవితానం అనే కండరానిది. అది బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి. ఛాతీలో చోటు పెరిగి, లోపలి పీడనం తగ్గేసరికి బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో శ్వాసకు సుమారు అర లీటరు. వదిలేటప్పుడు మామూలుగా శ్రమే ఉండదు, సాగిన ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి.

గాలి నిండడం వల్లే కదా ఛాతీ ఉబ్బేది అనవచ్చు. కానీ గాయమై ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్యకు గాలి చొరబడితే, ఛాతీ కదులుతున్నా ఆ ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. సొంతంగా పీల్చే శక్తి దానికి ఉంటే అలా జరగదు. వెల్లకిలా పడుకుని, పొట్టమీద చెయ్యి వేసి నెమ్మదిగా గాలి పీల్చి చూడండి. ఉదరవితానం దిగినప్పుడల్లా పొట్ట పైకి లేవడం మీకే తెలుస్తుంది.