పదహారేళ్ల నాటి ఫోటోకి ఎన్నాళ్లు జవాబు చెప్పాలి?

(రాజాంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువు గురించి ఎక్కడ మాట్లాడినా ఈమధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది: "గుంట చేతికి ఫోనెందుకిచ్చారు?" తల్లులు అడుగుతున్నారు, లెక్చరర్లు అడుగుతున్నారు, ఒక్కోసారి మన కార్యకర్తలూ అడుగుతున్నారు. ఆ పిల్ల పెట్టిన ఒక ఫోటో, ఒక డాన్సు రీలు, కోపంలో రాసిన నాలుగు మాటలు రేపు ఆమె చదువుకీ ఉద్యోగానికీ అడ్డొస్తాయన్న భయం ఆ ప్రశ్న వెనక ఉంది. ఆ భయం ఉత్తిదని నేననను. అయితే ఆ అడ్డు పెడుతున్నదెవరు, ఏ అధికారంతో పెడుతున్నారు అని మనం అడగాలి.

2017లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం, సీటు ఇచ్చిన కనీసం పదిమందికి ఆ సీటు రద్దు చేసింది. వాళ్లు ఒక ఫేస్‌బుక్ గ్రూపులో లైంగిక హింస మీద, జాతుల మీద నీచమైన జోకులు పంచుకున్నారు. మన దగ్గర ఇంజనీరింగు సీటు ర్యాంకును బట్టి వస్తుంది. ఏ కౌన్సెలింగులోనూ ఇన్‌స్టాగ్రామ్ చూడరు. కాని మన ఆడపిల్లకి అడ్మిషన్ ఇచ్చే మొదటి అధికారి ఇంట్లోనే ఉన్నాడు. స్నేహితురాళ్లతో చేసిన రీలు ఎవరి ద్వారానో తండ్రి వాట్సాప్‌కి చేరుతుంది. మర్నాటి నుంచి కాలేజీ బంద్. నెల తిరక్కుండా పెళ్లిచూపులు. అదే రీలులో ఎగిరిన కుర్రాడు మాత్రం మామూలుగానే కాలేజీకి పోతాడు. అక్కడ ఇతరుల్ని గాయపరిచిన మాటకి శిక్ష పడింది. ఇక్కడ ఎవరినీ గాయపరచని పిల్లకి పరువు పేరుతో శిక్ష పడుతోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 49 శాతం. అదే సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం, పెళ్లి చేసేయడం వేర్వేరు సంఘటనలుగా కనిపిస్తాయి. మూడింటినీ నడిపించేది ఆడపిల్ల శరీరం మీద కుటుంబానికున్న పెత్తనమే.

ఈ గడప దాటిన పిల్లకి ఉద్యోగం గడప ఉంది. రాజాంలో 1997లో ఇంజనీరింగు కళాశాల వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే ఆడపిల్లలు ఇలాంటి కాలేజీలకి వస్తున్నారు. ఉద్యోగంలో చేరేముందు కంపెనీలు వివరాలు తనిఖీ చేయిస్తాయి. ఆ తనిఖీలో సోషల్ మీడియా కూడా చూసిపెట్టే సంస్థలున్నాయి. ఏం చూశారో, దేన్ని తప్పుగా లెక్కించారో అభ్యర్థికి చెప్పేవారు ఉండరు.

పై చదువుకి అమెరికా వెళ్లాలనుకునే పిల్ల సంగతి చూడండి. 2019 నుంచి అక్కడి వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు రాయాలి. ఇరవై ఒక్కేళ్ల పిల్ల తన పదహారో ఏటి ఖాతా పేరు కూడా రాయాలన్నమాట. 2025 జూన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, విద్యార్థి వీసా కోరేవాళ్లు ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. ఆ డిసెంబరులో హెచ్-1బి ఉద్యోగులకీ, హెచ్-4 మీద వెళ్లే వారి కుటుంబాలకీ అదే నియమం వర్తింపజేశారు. వెంటపడి వేధించేవాళ్ల నుంచి కాపాడుకోడానికి ఖాతాకి తాళం వేసుకోమని ఆడపిల్లలకి మనమే నేర్పాం. ఇప్పుడు చదువు కావాలంటే ఆ తాళం తియ్యమంటున్నారు.

మన చట్టం ఏమంటోంది? 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బాలలు నేరం చేసినా దానివల్ల తర్వాతి జీవితంలో అనర్హత అంటకూడదు. తీవ్రమైన నేరాలకి కొన్ని మినహాయింపులున్నాయి గాని, మళ్లీ కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలన్నది ఆ చట్టం మూలసూత్రం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినప్పుడు, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన తీర్పులో పిల్లల ప్రస్తావన ప్రత్యేకంగా తెచ్చారు. చిన్నతనపు పొరపాట్లకి బతుకంతా మూల్యం చెల్లించనక్కర్లేదన్నారు. నేరానికే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు ఒక రీలుకి లేకపోవడం ఏం న్యాయం?

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు. మన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు అందులో ఉంది. కాని ఒక మనిషి తానుగా బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే రీలు చూసి ఉద్యోగం నిరాకరించిన కంపెనీని ఈ చట్టం కింద నిలదీయలేం. పద్దెనిమిది లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని కూడా ఆ చట్టం అంటోంది. మన ఇళ్లలో ఆ అనుమతి ఎవరి చేతిలో ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

కాబట్టి మన పని కొంత స్పష్టంగానే ఉంది. భయపడి వచ్చిన పిల్లతో మొదటి మాట "ఎందుకు పెట్టావు" అని కాకూడదు. ఆమె చదువు ఆగకుండా చూడటం మొదటి పని. బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్లు దాచాకే ఏదైనా చెరపాలి. కేంద్ర సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలూ పిల్లలూ పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిది లోపు తీసిన నగ్నచిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళుతుంది. పెళ్లి తలపెడితే 1098కి చెప్పాలి.

కాలేజీ యాజమాన్యాలను లిఖితపూర్వక నియమం అడుగుదాం: పిల్ల మాట వినకుండా తండ్రికి ఫోన్ చెయ్యకూడదు. కంపెనీలను అడుగుదాం: మైనరుగా ఉన్నప్పుడు పెట్టినవి లెక్కలోకి తీసుకోకూడదు, ఏం చూశారో అభ్యర్థికి చెప్పాలి, జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. ప్రభుత్వాన్ని అడుగుదాం: ఈ రెండింటికీ చట్టబలం ఇవ్వాలి.

ఫోను లాక్కుంటే ఇవేవీ రావు. ఇంటర్నెట్ దాకా రానేలేని ఆ 79 శాతంలోకి ఇంకో పిల్ల చేరుతుంది, అంతే. ఈసారి ఎవరైనా "గుంట చేతికి ఫోనెందుకిచ్చారు" అంటే, "ఆ పిల్ల చదువు మీ చేతికెవరిచ్చారు" అని తిరిగి అడుగుదాం.