నెలలు నిండని బిడ్డ ఎదుగుదల

(మహిళామండలి సభలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగము)



ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకునుగాని, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదని మన పల్లెలలో ఒక మాట కలదు. ఇది సరియైన మాట కాదు. తల్లి గర్భములో ఒక్క వారము అధికముగా నున్నను బిడ్డకు అది బలమే. 37 వారములు నిండక మునుపు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ యందురు. ఇంటికి తెచ్చిన పిమ్మట అట్టి బిడ్డను ఎట్లు కనిపెట్టవలెనో నేడు మనవి చేసెదను.

“పాలు త్రాగుచున్నాడు, బాగుగనే యున్నాడు” అని నాయనమ్మ చెప్పును. ఆమెది అనుభవముగల కన్నే. అయినను దినమునకు ఇరువది ముప్పది గ్రాముల హెచ్చుతగ్గును ఏ కన్నును పట్టజాలదు. తూకము పట్టగలదు.

బిడ్డ 1,800 గ్రాములతో పుట్టెననుకొందము. మొదటి దినములలో ఒంటిలోని నీరు తగ్గి, నూటికి పది వంతుల వరకు, అనగా 1,620 గ్రాముల వరకు బరువు దిగవచ్చును. అందులకు బెంగపడ నక్కరలేదు. రెండు వారములకు పుట్టిననాటి బరువు తిరిగి రావలెను. అటు పిమ్మట కిలో బరువునకు దినమునకు సుమారు 15 గ్రాముల వంతున, ఈ బిడ్డ 27 గ్రాములు, వారమునకు 190 గ్రాములకు దగ్గరగా పెరుగవలెను. ఏబది గ్రాములే పెరిగినచో, చూపునకు ముద్దుగా నున్నను, ఎచ్చటనో లోపమున్నది.

ఆ లోపము తరచుగా పాలలోనో, వెచ్చదనములోనో యుండును. 34 వారములకు ముందు పుట్టిన బిడ్డలలో పెక్కుమందికి చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట ఒక్కసారిగా కుదరవు. తల్లి తన పాలు పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పట్టవలెను. ఇక చలి సోకిన బిడ్డ త్రాగిన పాలను ఒడలు కాచుకొనుటకే వెచ్చించును, పెరుగుటకేమియు మిగులదు. కావున బిడ్డను తల్లి రొమ్ముపై ఒంటికి ఒడలు తగులునట్లు కట్టుకొనవలెను. 1978లో కొలంబియా దేశమందలి బొగోటా నగరపు వైద్యులు ప్రారంభించిన ఈ కంగారూ పద్ధతిని నేడు లోకమంతయు మెచ్చినది. తల్లి అలసినచో తండ్రియు కట్టుకొనవచ్చును, ఇందులో నామోషీ లేదు.

తూచునప్పుడు బట్టలు తీసి, పాలు పట్టకముందు, ప్రతిసారియు ఒకే కాటాపై తూచవలెను. నేడు పచ్చి గుడ్డతో, రేపు పొడి గుడ్డతో తూచిన తూకము మనలను మోసగించును. కిరాణా దుకాణపు కాటా ఈ పనికి రాదు. ఆస్పత్రి కాన్పైనచో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చును. ఆమె తెచ్చు కాటాను చూచి, దిష్టి తగులునని బిడ్డను దాచువారు కలరు. దిష్టి తీయదలచినచో తూచిన పిదప తీయుడు, నాకభ్యంతరము లేదు!

తల చుట్టుకొలతయు ముఖ్యమే. సాగని టేపుతో, కనుబొమల మీదుగా, వెనుక మిక్కిలి ఉబ్బెత్తుగా నున్న చోటునుండి కొలువవలెను. వారమునకు అరనుండి ఒక సెంటీమీటరు పెరుగుట మంచిది. అంతకు మించి త్వరగా పెరిగినను, కొలత నిలిచిపోయినను వైద్యునకు చూపవలెను. బిడ్డ పాలు మానినను, ఒళ్లు చల్లబడినను, ఎగఊపిరి తీసినను తూకముకొరకు వేచియుండక వెంటనే ఆస్పత్రికి పోవలెను.

పొరుగింటి బిడ్డ బోర్లపడెను, మా బిడ్డ ఇంకను పడలేదని కొందరు తల్లులు కంటతడి పెట్టుదురు. లెక్క సరిచూచుకొనుడు. ఎనిమిది వారములు ముందుగా పుట్టిన బిడ్డకు నాలుగు నెలలు నిండిన నాడు, ఎదుగుదల లెక్కలో రెండు నెలలే. రెండేండ్లు వచ్చువరకు బరువును, పొడవును, ఆటపాటలను ఈ సరిదిద్దిన వయస్సుతోనే పోల్చవలెను. టీకాలకు మాత్రము ఈ తగ్గింపు లేదు. అవి పుట్టిన తేదీనిబట్టియే వేయించవలెను.