గన్నేరు కింద మట్టిని వదిలేద్దాం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సివిల్ ఇంజనీరుని. సిమెంటు గురించే మాట్లాడతానని మీరనుకుని ఉంటారు. అదీ చెబుతాను, ముందు ఒక పురుగు సంగతి వినండి.

అబిడ్స్ ఇళ్లలో నందివర్ధనం, నాంపల్లి దారుల్లో గన్నేరు మనం చూస్తూ పెరిగిన చెట్లే. ఈ రెండింటి ఆకులూ తిని పెరిగే మాత్ ఒకటుంది. ఇంగ్లీషులో ఓలియాండర్ హాక్ మాత్ అంటారు. 1758లో లిన్నేయస్ దీన్ని శాస్త్రగ్రంథానికి ఎక్కించాడు. రెక్కలు చాపితే సుమారు 10 సెంటీమీటర్లు. ముదురు, లేత ఆకుపచ్చల మధ్య తెలుపు, గులాబి చారలు. పగలు ఆకుల్లో కలిసిపోతుంది. చీకటి పడ్డాక పూల ముందు గాలిలో నిలబడి పొడవాటి తొండంతో తేనె తాగుతుంది.

తల్లి లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. కొద్ది రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. తోకవైపు చిన్న కొమ్ము ఉంటుంది. పశువులు ముట్టని గన్నేరాకును ఇది హాయిగా తింటుంది. గుండెను దెబ్బతీసే ఆ విషం దీన్నేమీ చేయదు. పెద్దదయ్యాక ఎవరైనా కదిపితే తల ముడుచుకుంటుంది. వెంటనే మెడ దగ్గర రెండు నీలి కళ్లు తెరుచుకున్నట్టు కనిపిస్తాయి. నిజానికి అవి కళ్లు కావు, మచ్చలు. పిట్టను బెదిరించడానికి అవి చాలు.

రెండు మూడు వారాలు తిన్నాక పచ్చరంగు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు చెట్టు దిగి, రాలిన ఆకుల కింద పల్చటి గూడు కట్టుకుని ప్యూపా అవుతుంది. చెట్టుమీద ఎంత తిన్నా, రెక్కలు రావాలంటే నేలకు దిగాల్సిందే.

ఇప్పుడు సిమెంటు సంగతి. జూబిలీ గుర్తుగా బడి ఆవరణంతా టైల్స్ పరచాలని మన సంఘం ఆలోచిస్తోంది. మంచి ఆలోచనే. అయితే గోడవారన ఉన్న గన్నేరు వరుస కింద రెండు మీటర్ల మట్టిని మాత్రం వదిలేద్దామని నా మనవి. అక్కడ రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టొద్దు, మందు కొట్టొద్దు. వాననీరూ ఇంకుతుంది. ఆకు తుంచొద్దని, పాలు అంటించుకోవద్దని పిల్లలకు చెబితే చాలు.

జీవశాస్త్రం పుస్తకంలో మనం బొమ్మగా గీసిన నాలుగు దశలనూ ఈ బడి పిల్లలు కళ్లారా చూస్తారు. దానికి ఖర్చు కూడా లేదు, కొంత టైల్స్ డబ్బు మిగులుతుంది.

సెలవు.