వార్ధక్యమున ధ్యానము – ఆత్మపరిశీలనము



ఈ కూకట్‌పల్లిలో తెల్లవారుజామున హౌసింగ్ బోర్డు కాలనీ వీధులలో నడచినచో, అప్పటికే దీపము వెలుగుచున్న ఇండ్లు కొన్ని కనిపించును. అవి చాలవరకు పెద్దవారుండు ఇండ్లు. మనకది బ్రాహ్మీముహూర్తము. అమెరికాలోని పిల్లలకు ముందురోజు సాయంకాలము, పని ముగియు వేళ. అందుచేత మనకు ఒక చేత జపమాల, ఇంకొక చేత ఫోను! 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు మన బిడ్డలు ఎందరో ఆ విద్యనే నమ్ముకొన్నారు. కొందరు ఇచటనే రేయింబవళ్ళు పనిచేయుచున్నారు, కొందరు సముద్రములు దాటినారు. వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వీసా రావలెనని చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వచ్చిన పిమ్మట 108 చేసినది మనమే కదా!

ఒక ఏకాదశినాడు ప్రసంగానంతరము ఒక వృద్ధమాత మా యొద్దకు వచ్చి ఇట్లడిగినారు: "అయ్యా, నోరు సహస్రనామం చదువుతూనే ఉంటుంది. చెవి మాత్రం ఫోను దగ్గరే ఉంటుంది. ఇది పాపమా?"

వెంటనే సమాధానము చెప్పలేకపోయినాము. మా ఇంటను అదే స్థితి.

పాపము కాదు తల్లీ. భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడంతటివాడు, మనస్సును నిలుపుట గాలిని పట్టుకొనుటవలె కష్టమని మొరపెట్టుకొన్నాడు. స్వామి అతనిని గద్దింపలేదు. కష్టమే యని ఒప్పుకొని, అభ్యాసము, వైరాగ్యము అను రెండింటిని చూపినాడు. వైరాగ్యమనగా బిడ్డలపై ప్రేమను చంపుకొనుట యని కొందరు భయపడుదురు. అది కాదు. ప్రేమ వేరు, లెక్క వేరు.

ఆ లెక్క ఎట్లు పుట్టునో చూడుడు. ఫోను మ్రోగలేదు. మొదట చెవి నిక్కును. పిదప గుండెలో ఒక బిగువు. ఆ వెనుక 'నన్ను మరచినారు' అను తలంపు. దాని వెంట ముప్పది ఏండ్ల పద్దు విప్పుకొనును: కట్టిన ఫీజులు, అమ్మిన పొలము, మేల్కొన్న రాత్రులు. ఇదంతయు ఒక్క నిమిషములో జరిగిపోవును. ఆనాటి పూజ అంతటితో సరి! ఇందులో మరచిపోబడిన ఆ 'నేను' ఎవరు?

ఈ ప్రశ్న మన తెలుగువారి ద్వారానే లోకమునకు కొంత తెలిసినది. బొబ్బిలి ప్రాంతమున కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతిముని మహాపండితుడు, ఏండ్ల తరబడి మంత్రజపము చేసినవాడు. అయినను 1907 నవంబరు 18న అరుణాచలముపైని విరూపాక్ష గుహకు పోయి, తపస్సనగానేమో తనకింకను తెలియలేదని అచటి యువకుని పాదములు పట్టుకొన్నాడు. ఆ యువకునికి అప్పటికి 27 ఏండ్లు. 'నేను' అను తలంపు ఎచటినుండి లేచుచున్నదో, జపించునప్పుడు మంత్రనాదము ఎచట పుట్టుచున్నదో గమనించిన మనస్సు అచటనే అణగునని, అదియే తపస్సని ఆయన బోధించినారు. ఆయనకు భగవాన్ రమణమహర్షి యని పేరిడినది ఈ గణపతిమునియే. జపము మానుమని రమణులు చెప్పలేదు, గమనింపుడు. జపించువానిని చూడుమన్నారు.

పద్మాసనము రానివారు కుర్చీలో కూర్చుండవచ్చును. వెన్ను నిలిపి, ఊపిరిని తన దారిన పోనిచ్చి, పది నిమిషములు చాలును. గీత ఆ అధ్యాయముననే ఆహారము, నిద్ర మితముగా నుండవలెనని చెప్పినది. ఉపవాసము పేరిట షుగరు మాత్రలు మ్రింగి భోజనము మానువారు ఈ మాట చెవిని బెట్టవలెను. ధ్యానము రక్తపోటు మాత్రకు బదులు కాదు. నిద్ర పట్టక, అన్నము సహింపక, బ్రతుకుపై విరక్తి కలుగుచున్నచో అది వైరాగ్యమని మురిసిపోక వైద్యునికి చెప్పుకొనుడు. ఇంటివారికిని చెప్పుడు, దాచవలదు.

ఆ తల్లి మరల వచ్చినారు. "నిన్న ఫోను రాలేదు. లెక్కలు మొదలవుతున్నాయని తెలిసింది. కాసేపు చూస్తూ కూర్చున్నాను. తరవాత నేనే చేశాను. వాడికి జ్వరమట" అన్నారు.

హారతికి ఇంకను పది నిమిషములు కలవు. మోకాళ్ళ నొప్పులు గలవారు కుర్చీలలోనే ఉండుడు. ఫోనులు కట్టివేయుమని మేము చెప్పము. మ్రోగినచో లోపల ఏది కదలుచున్నదో చూడుడు. కన్నులు మూయుదము.