నాలుగు భూతములు, భాస్వరము, భీమవరము



మనము పంచభూతములని చెప్పుకొనుచుందుము. ప్రాచీన యవనదేశమున ఎంపెడోక్లీసు అను విద్వాంసుడు మన్ను, నీరు, గాలి, నిప్పు అను నాలుగింటి కలయికయే సర్వవస్తువులనెను. డెమోక్రిటసు అట్లు గాదు, ఖండింపరాని అణువులే మూలమనెను. మన కణాదుడు స్మృతికి వచ్చుచున్నాడు గదా! అరిస్టాటిలు అణువాదమును త్రోసివేసెను. ఆయన మాటయే ఇంచుమించు రెండువేల యేండ్లు చెల్లెను. ఈ మహానుభావులలో నొక్కడును త్రాసు పట్టి తన మాటను పరీక్షించినట్లు కానరాదు.

త్రాసు పట్టినవాడు ఫ్రాన్సుదేశపు లవాయిజే. నీరు భూతము కాదనియు, రెండు వాయువుల కూడిక యనియు ఆయన తేల్చెను. 1789లో ప్రకటించిన మూలపదార్థముల పట్టికలో భాస్వరమును చేర్చెను. 1808లో డాల్టను ఒక్కొక్క మూలకపు అణువునకు ఒక్కొక్క బరువు గలదనెను.

ఈ భాస్వరము కథ వింత. 1669లో హాంబర్గు నగరమున బ్రాండు అనునాతడు బంగారమునకై మూత్రమును కాచి కాచి, చీకటిలో వెలుగు పదార్థమును పొందెను. మన రైతులు నేడు ఎరువుగా చల్లునది దీని లవణములనే. మన యెముకలలోను రక్తములోను నున్నదియు నదియే.

రక్తములో నెంత యున్నదో కొలుచు సులభమార్గమును 1925లో ఫిస్కెతో గూడి ప్రకటించినవారు మన భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. భాస్వరము హెచ్చినకొలది ద్రావణము నీలవర్ణము చిక్కనగును. ఆ రంగును బట్టి లెక్క. రెండేండ్లకు, కండరములకు బలమిచ్చు ఫాస్ఫోక్రియాటిను వారికి దొరకెను. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణిరోగమున మరణించిరి. ఆ రోగమునకు పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు 1945లో కృత్రిమముగా తయారుచేసిరి.

మన డెల్టాకు ముఖ్యమైనది 1947 నాటి హెట్రజాను. నా చిన్నతనమున మా రచ్చబండపై బోదకాలుతో కూర్చుండని పెద్దల గుంపును నే నెరుగను. ఆ మందు రక్తములోని సూక్ష్మక్రిములను చంపును. ఏండ్లతరబడి వాచిన కాలును మాత్రము మునుపటివలె చేయజాలదు; కావుననే కాలు బాగున్నవారు గూడ పుచ్చుకొనవలెను. గర్భిణులకును, రెండేండ్ల లోపు శిశువులకును, తీవ్రరోగులకును ఈయరు. మింగినపిమ్మట కొందరికి జ్వరము, తలనొప్పి కలుగుట చచ్చుచున్న క్రిములవలన.

2004 మొదలు దేశమున ఏటేటా ఈ మాత్రలను ఇంటింట పంచిరి. మా పెదనాన్నగారు తలనొప్పికి వెఱచి, తమ వంతు మాత్రలను మింగక దూలము సందున దాచిరి. ఈ మందును కనిపెట్టినవాడు భీమవరము పిల్లవాడే యని నేను చెప్పగా, దింపి తెమ్మని నీళ్లడిగిరి.