షట్టర్లు ఎవరి పేరున?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపు గురించి మాట్లాడమంటే రెండు మాటలు చెప్పి కూర్చునేదాన్ని. ఈసారి మేము కొన్న షట్టర్ల గురించి చెప్పమన్నరు. ఇంకో మూడు సంఘాల వాళ్ళు కూడా గదులు కొని కిరాయికి ఇద్దామని చూస్తున్నరట. అందుకే మేము తెలిసి చేసింది, తెలియక చేసింది రెండూ చెప్తా.

మా సంఘంలో పదకొండు మందిమి. షట్టర్లలో ఉన్నది ఆరుగురమే. ఇది సంఘం పొదుపు కాదు, బ్యాంకు లింకేజీ అప్పు కాదు, ఎవరి సొంత డబ్బు వాళ్ళది. ఒకామె బర్రెల పాల మీద కూడబెట్టింది. ఒకామెకు భర్త దుబాయ్ నుంచి పంపిండు. ఇద్దరం చిట్టీలు ఎత్తినం. మండల కేంద్రంలో బస్టాండు పక్క సందులో వరుసగా మూడు షట్టర్లు 24 లక్షలకు బేరం కుదిరింది. నలుగురం 4 లక్షల చొప్పున, ఒకామె 6 లక్షలు, ఇంకొకామె 2 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 1,80,000, అది వేరే.

బయానా ఇచ్చినంక అసలు ప్రశ్న వచ్చింది. కాగితం ఎవరి పేరున?

సంఘం పేరున చేద్దామని మొదట అనుకున్నం. అది కుదరదు. మన పొదుపు సంఘం తీర్మానం మీద బ్యాంకు ఖాతా నడుపుకుంటుంది కానీ చట్టం కింద రిజిస్టర్ అయిన సంస్థ కాదు. పైగా మిగతా ఐదుగురికి ఇందులో పైసా లేదు. అప్పుడు అందరూ "నీ పేరునే పెట్టు, నువ్వే కదా అధ్యక్షురాలివి, మాకు నమ్మకం ఉంది" అన్నరు. నిజం చెప్తున్నా, నేను లోపల మురిసిన. ఇంటికి పోయి మా అత్తమ్మకు చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అన్నది: "రేపు నీకు ఏమన్నా అయితే అవి నా కొడుకువి, నా మనవండ్లవి అయితయి. ఆ ఐదుగురు ఆడోళ్ళు ఎవరి గుమ్మం తొక్కాలె?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ఆడిటర్ దగ్గర తెలిసింది, ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొంటే బినామీ చట్టం కిందికి పోయే ప్రమాదం కూడా ఉంటుందని. అట్లయితే కోర్టుకు పోయి "అది నా డబ్బు" అని అడగడమే కష్టం. నమ్మకం ఉందని ఎవరైనా అధ్యక్షురాలి పేరున పెట్టబోతే ఆ అధ్యక్షురాలే వద్దనాలె. ఆమెకూ అది బరువే.

అప్పుడే మా సభ్యురాలి బిడ్డ అమెరికా నుంచి వీడియో కాల్ చేసింది. వాళ్ళు టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఉంటరు. అక్కడ ఒక ఇల్లు కొని కిరాయికి ఇచ్చిండ్రు. "అమ్మా, మీరు కూడా ఎల్‌ఎల్‌సీ పెట్టుకోండి, మేము అట్లనే చేసినం" అన్నది. ఎల్‌ఎల్‌సీ అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ. కిరాయికి ఉన్నవాళ్ళు మెట్ల మీద జారిపడి కేసు వేస్తే ఆ కేసు కంపెనీ ఆస్తి మీదనే ఆగాలె, తాము ఉండే ఇంటి మీదికి, దాచుకున్న జీతం మీదికి రావొద్దు. అందుకని ఇల్లు కంపెనీ పేరున ఉంచుకుంటరు.

ఆ పిల్ల చెప్పిన సంగతులు నాకు బాగా నచ్చినయి. అక్కడ ఏ రాష్ట్రంలోనైనా కంపెనీ పెట్టుకోవచ్చట. వయోమింగ్‌లో పెట్టండి, 100 డాలర్లే, పేర్లు బయట పడవు అని కొందరు, డెలావేర్ మంచిదని కొందరు చెప్పిండ్రట. వాళ్ళ అల్లుడు కూర్చొని లెక్క వేసిండు. ఇల్లు టెక్సాస్‌లో ఉంది. వేరే రాష్ట్రంలో పెట్టిన కంపెనీ టెక్సాస్‌లో ఇల్లు కిరాయికి ఇచ్చుకోవాలంటే టెక్సాస్‌లో మళ్ళీ నమోదు కావాలె, దానికి 750 డాలర్లు. వయోమింగ్‌కు ఏటా కనీసం 60, డెలావేర్ అయితే ఏటా 300. అదే నేరుగా టెక్సాస్‌లో పెడితే 300 డాలర్లతో అయిపోయింది. పన్ను పడకపోయినా ఏటా మే 15 లోగా అక్కడ ఒక కాగితం దాఖలు చేయాలె. ఇల్లు ఎక్కడుందో అక్కడనే పెట్టుకున్నం అన్నది.

ఇంకొక మాట కూడా చెప్పింది. బ్యాంకు అప్పుతో సొంత పేరున కొన్న ఇంటిని తర్వాత ఎల్‌ఎల్‌సీకి మారిస్తే, బ్యాంకు మొత్తం అప్పు ఒక్కసారే కట్టమనవచ్చట. ఏ పేరున అన్నది కొనక ముందే తేల్చుకోవాలె అన్నది.

మన దగ్గరా అంతే. ఒకరి పేరున కొని తర్వాత మార్చుకుందాం అంటే స్టాంపు ఖర్చు మళ్ళీ పడుతుంది. మా 24 లక్షల మీద ఇంకో 1,80,000.

సరే, మేము నలుగురం కలిసి జిల్లా కేంద్రంలో ఆడిటర్ దగ్గరికి పోయినం. "సార్, ఎల్‌ఎల్‌సీ పెట్టాలె" అన్నం. ఆయన నవ్విండు. మన దేశంలో ఎల్‌ఎల్‌సీ లేదు, దానికి దగ్గరగా ఉన్నది ఎల్‌ఎల్‌పీ, 2008లో చట్టం వచ్చింది, ఇద్దరు ఉన్నా చాలు అన్నడు. ఇది కేంద్ర ప్రభుత్వ చట్టం. అమెరికా లాగా ఏ రాష్ట్రం మంచిదని వెతుక్కునే పని లేదు, ఆఫీసు చిరునామా ఎక్కడ చూపిస్తే ఆ రాష్ట్రం రిజిస్ట్రార్ కిందికి వస్తుంది.

మాకు పేరు బాగనిపించింది. కంపెనీ లాగా ఉంటుంది కదా. లెక్క చేయమన్నం.

మూడు షట్టర్లు, ఒక్కోటి నెలకు 4,000. ఏడాదికి 1,44,000. మరమ్మతుల కింద 30 శాతం తీసేస్తే 1,00,800 మిగులుతుంది. ఎల్‌ఎల్‌పీ అయితే మొదటి రూపాయి నుంచి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. కలిపి 31 వేల పైన. ఆదాయం ఉన్నా లేకున్నా ఏటా మే 30 లోగా ఒక ఫారం, అక్టోబర్ 30 లోగా ఇంకొక ఫారం, ఇవి కాక పన్ను రిటర్ను. ఆలస్యమైతే అదనపు ఫీజు. ఇద్దరికి డిజిటల్ సంతకం కావాలె, అది గడువు తీరినప్పుడల్లా మళ్ళీ తీసుకోవాలె. ఈ పనులన్నిటికి తన ఫీజు ఏటా 15 వేలు అన్నడు. అంటే లక్షా 44 వేలలో 46 వేలు అక్కడనే పాయె!

అదే ఆరుగురి పేర్లతో, ఎవరి వాటా ఎంతో రాసి రిజిస్టర్ చేసుకుంటే ఆ ఆదాయం వాటాల ప్రకారం ఎవరిది వాళ్ళ లెక్కలోకి పోతుంది. 6 లక్షలు పెట్టినామెకు పావు వంతు, 25,200. మిగతావాళ్ళకు ఇంకా తక్కువ. మాలో ఎవరికీ పన్ను కట్టేంత వేరే ఆదాయం లేదు. పన్ను సున్నా.

మరి అమెరికాలో వాళ్ళకు ఎట్ల గిట్టింది అని అడిగిన. అక్కడ ఎల్‌ఎల్‌సీ మామూలుగా కేంద్ర ఆదాయపు పన్ను తాను కట్టదు, సొంతదారుల లెక్కలోకే పోతుంది అన్నడు. నాకు అప్పుడు అర్థమైంది. పేరు చూస్తే అన్నదమ్ముల్లాగ ఉన్నయి, పన్ను దగ్గర ఒకదానికొకటి పొత్తు లేదు. ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు, ఆమె ఇంటికి అది సరిపోయింది.

సహకార సంఘం సంగతి కూడా అడిగినం. మన సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నయి కదా. దానికి వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది కావాలె. మేము ఆరుగురం. పది మంది ఉన్నా 6 లక్షలు పెట్టినామెకూ 2 లక్షలు పెట్టినామెకూ ఒకటే ఓటు. పొదుపుకు అది న్యాయమే, ఇట్లాంటి ఆస్తికి మా 6 లక్షలామె ఒప్పుకోలేదు. సమాఖ్య పేరున కొనొచ్చు కానీ అప్పుడది మండలంలో అందరిదీ. మామూలు పార్టనర్‌షిప్ ఫర్మ్ అన్నరు ఒకరు. దానికీ పన్ను 30 శాతమే, పైగా ఫర్మ్ అప్పు పడితే మన ఇంటి మీదికి కూడా రావచ్చు. అది వద్దనుకున్నం.

మరి కేసు భయం? స్లాబు పెచ్చు ఊడి ఎవరి తల మీదనైనా పడితే? ఆరుగురి పేరున ఉంటే ఆ బాధ్యత ఆరుగురిదే, అందులో దాపరికం లేదు. అందుకే కొన్న నెలలోనే వాన నీళ్ళు కారే చోట బాగు చేయించినం, అగ్ని ప్రమాదానికి, బయటివాళ్ళకు దెబ్బ తగిలితే వచ్చే నష్టానికి బీమా తీసుకున్నం. ఎల్‌ఎల్‌పీ ఉన్నా, బ్యాంకు అప్పు తీసుకుంటే బ్యాంకు మన సొంత పూచీ అడుగుతుంది, అప్పుడు ఆ రక్ష అంత పని చేయదు అని ఆడిటరే చెప్పిండు. కానీ రేపు ఎవరైనా ఫంక్షన్ హాలు కొంటామంటే నేను ఈ మాట అనను. వందల మంది వచ్చే చోట, వంట గ్యాసు, కరెంటు ఉన్న చోట లెక్క వేరే. అప్పుడు పన్ను పోయినా ఎల్‌ఎల్‌పీ చూడాలె.

రిజిస్ట్రేషన్ రోజు ఒక పొరపాటు తప్పింది. డాక్యుమెంట్ రైటర్ ఆరుగురి పేర్లు వరుసగా రాసిండు, వాటాలు రాయలేదు. చదవమని అడిగి వినకపోతే అట్లనే సంతకాలు పెట్టేవాళ్ళం. వాటా రాయకపోతే, ఎవరెంత పెట్టిండ్రో రుజువు లేకపోతే, అందరివీ సమానం అనుకుంటరు. 6 లక్షలామెకు నష్టం, 2 లక్షలామెకు లాభం. ఆ 2 లక్షలామెనే ముందు లేచి "నాది పన్నెండో వంతు, అదే రాయి" అన్నది. మళ్ళీ టైపు చేయించినం, రెండు గంటలు పట్టింది.

దానితో పాటు మా మధ్య ఒక ఒప్పందం రాసుకున్నం. ఎవరైనా వాటా అమ్మాలంటే ముందు మిగతావాళ్ళకే చెప్పాలె. కిరాయి ముగ్గురి సంతకాల జాయింటు ఖాతాలో పడాలె. కిరాయిదారుతో కాగితం ఆరుగురి తరపున ఇద్దరు రాస్తరు, 11 నెలలకే. చివరగా, అందరూ వీలునామా రాయాలె.

ఈ చివరిదే మేము చేయలేదు. వీలునామాకు స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. అయినా ఎవరూ రాయలేదు. చావు గురించి రాయడం అంటే అపశకునం అనుకున్నం.

పోయిన ఏడు మా ఆరుగురిలో ఒకామె పోయింది. నాలుగు రోజుల జ్వరం. ఆమెది ఆరో వంతు. వీలునామా లేదు కాబట్టి వారసత్వ చట్టం ప్రకారం భర్తకు, కొడుక్కు, పెండ్లయిన బిడ్డకు సమానంగా, ఒక్కొక్కరికి పద్దెనిమిదో వంతు. పెద్దకర్మ అయిన వారానికే కొడుకు వచ్చి మధ్య షట్టర్‌లో కిరాయికి ఉన్నాయనకు తన వాటా అమ్ముతా అన్నడు. కిరాయిదారు మనతో పాటు సొంతదారు అయితే ఇంక కిరాయి ఎవరిని అడగాలె? ఆమె సంతకం చేసిన ఒప్పందం చూపిస్తే "అది మా అమ్మ రాసింది, నేను రాయలేదు" అన్నడు. వాటాదారు ఎవరైనా పంపకాలు చేయమని కోర్టుకు పోవచ్చు, మూడు షట్టర్లను పద్దెనిమిది ముక్కలు ఎవరు చేస్తరు? అమ్మి పంచమంటరు.

ఈ ఒక్క సంగతిలో ఎల్‌ఎల్‌పీ ఉంటే బాగుండేది. అందులో ఒకరు పోతే వారసులకు రావాల్సిన డబ్బు వస్తుంది, వాళ్ళు షట్టర్ మీద కూర్చోరు. మేము పన్ను లెక్క చూసినం, ఇది చూడలేదు.

నాలుగు నెలలు తిరిగినం. ధర దగ్గర గొడవ. మా ఒప్పందంలో "అప్పటి ధర" అని రాసినం కానీ ఆ ధర ఎవరు చెప్పాలె అని రాయలేదు. చివరికి బయటి వాళ్ళు ఇద్దరితో ధర కట్టించి మధ్య రేటుకు తండ్రీకొడుకుల వాటాలు మేము ఐదుగురం కొంటున్నం. సగం ఇచ్చినం, సగం కిరాయిల నుంచి ఇస్తున్నం. వాటికి రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్ళీ మాదే. బిడ్డ మాత్రం అమ్మనన్నది. "అమ్మ పాలు పోసి కూడబెట్టింది. నా వాటా ఉండనీయండి, మీటింగుకు నేను వస్తా" అన్నది. ప్రతి నెల అత్తగారి ఊరి నుంచి బస్సులో వస్తున్నది. మా పుస్తకంలో లెక్కలు ఇప్పుడు ఆమెనే రాస్తున్నది.

ఆమె, ఇంకో ముగ్గురు వీలునామాలు రాసిండ్రు. నాదీ, 6 లక్షలామెదీ మిగిలినయి, వచ్చే సోమవారం రాస్తున్నం. ఒప్పందంలో ధర కట్టే పద్ధతి కూడా తిరగరాసినం. రిజిస్ట్రేషన్ కాగితం, పాత ఒప్పందం, కొత్త ఒప్పందం జిరాక్సులు పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి సమాఖ్య ఆఫీసులో బీరువాలో పెట్టినం. గదులు కొనాలనుకున్న సంఘాల వాళ్ళు బయానా ఇవ్వకముందు వచ్చి చూసుకోండి. చదవడం రాకపోతే నేను బుధవారం బుధవారం అక్కడనే ఉంటా.