పాత విమానమునకు క్రొత్త బోల్టు

రాజంపేట ప్రాంతమున ఒక రైతు ఆయిలింజనుకు బోల్టు విరిగినదనుకొందము. ఆయన విరిగిన ముక్కను జేబులో వేసికొని లేతు షాపునకు పోవును. అదే లావు, అదే పొడవు, అదే మర గల బోల్టు దొరకినచో పని తీరినట్లే. అది మరల విరిగినను ఇంజను ఆగును, అరటితోటకు నీరు ఒక పూట ఆలస్యముగా పారును. ఆ మాత్రపు నష్టమున కింతకంటె పరీక్ష అక్కరలేదు. కాని ఈ ప్రాంతమునుండియే బ్రతుకుతెరువునకై కువైటునకు పోవువారున్నారు. వారు సముద్రము దాటు విమానములలో గూడ బోల్టులు అరుగును, వానిని మార్చుచుందురు. అక్కడ లావును పొడవును సరిపోయినంతమాత్రాన చాలదు. ఏల చాలదో వయసు మీరిన విమానముల వలన బాగుగా తెలియును.

ఒక నమూనా విమానమునకు ప్రభుత్వము ధ్రువపత్రము నిచ్చినపుడు ఆ ఆమోదము దాని ఆకారమునకు మాత్రమే కాదు. ఏ భాగమును ఏ లోహముతో చేయవలెను, దాని నెట్లు కాచి పదును పెట్టవలెను, దానిపై ఏ పూత వేయవలెను అని తెలుపు పటములన్నిటికిని ఆ ఆమోదము వర్తించును. ఏబదియేండ్ల తరువాత మార్చిన భాగమైనను ఆ పటమునకు సరిపోవలెను, లేదా దానికి సమానమని ఋజువు కావలెను. చిక్కేమనగా, విమానము బ్రతికియుండగనే దాని విడిభాగముల తయారీ ఆగిపోవుట కలదు.

డకోటాను తీసికొందము. దీని మూలమగు డీసీ-3 విమానము 1935 డిసెంబరు 17వ తేదీన తొలిసారి ఎగిరినది. హైదరాబాదున 1945లో వెలసిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారు డకోటాలను నడిపిరి. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగరమునకు చేర్చినవియు డకోటాలే. బ్రిటనులో బాగుచేయించిన యొక డకోటా 2018లో మన వైమానిక దళమునకు కానుకగా వచ్చినది. ఇట్టి ముదుసలి విమానమునకు భాగములు దొరకుటయే ఒక సమస్య.

మారుభాగముల కథలలో 1941 నాటి చైనా కథ ప్రసిద్ధము. నేలపైనున్న డీసీ-3 విమానముయొక్క కుడిరెక్క జపాను బాంబులకు ధ్వంసమైనది. దాని రెక్క దొరకక, పాత డీసీ-2 రెక్కను మరియొక విమానము కడుపున కట్టి తెచ్చి బిగించిరి. ఆ రెక్క సుమారు 5 అడుగులు పొట్టిది. అయినను విమానము హాంకాంగు చేరినది! దానికి డీసీ-రెండున్నర యని ముద్దుపేరు వచ్చినది. యుద్ధకాలపు తెగువను మెచ్చుకొనవలసినదే. కాని ఒకసారి ఎగిరినదనుట ఋజువు కాదు. లోహమునకు అలసట యనునది యున్నది. అది మొదటి దినమున కనబడదు.

ఇందుకు దారుణమైన నిదర్శనము 1989 సెప్టెంబరు 8న కలిగినది. ఓస్లోనుండి హాంబర్గుకు పోవుచున్న పార్ట్‌నేర్ సంస్థవారి కాన్వేర్ 580 విమానము డెన్మార్కు తీరము చెంత సముద్రములో కూలినది. 55 మందియు మరణించిరి. ఆ విమానము 1953లో తయారైనది. నిలువు తోకను పట్టియుంచు బోల్టులలోను, వాని తొడుగులలోను నకిలీవి యుండెననియు, వానికి తగిన గట్టిదనము లేకుండెననియు విచారణలో తేలినది. తోకలోని చిన్న సహాయక ఇంజను అదురు దానికి తోడైనది. కంటికి ఆ బోల్టులలో లోపమేమియు కనబడలేదు.

అట్లయిన మరింత గట్టి బోల్టు వేసినచో మేలు గదా యని కొందరందురు. అదియు నిజము కాదు. అతిగా పదును పెట్టిన ఉక్కు పెళుసెక్కును. వంగవలసినచోట పుటుక్కున విరుగును. పూతలేని ఉక్కు అల్యూమినియమును తాకియుండగా తేమ తగిలినచో అల్యూమినియము తినిపోవును. అందుకే అనేకమైన విమాన బోల్టులకు కాడ్మియము పూత పూయుదురు. ప్రమాణము ప్రకారము చేసిన సామాన్యపు ఉక్కు బోల్టు తలపై గుణకారపు గుర్తువంటిది ఉండును. కాని గుర్తును నకిలీవాడును కొట్టగలడు. కావున భాగముతోబాటు దాని పుట్టుకను తెలుపు విడుదల పత్రము రావలెను. మన దేశమున దానిని సి.ఏ. ఫారము 1 అందురు. ఆ కాగితము లేని భాగము ఎంత మెరుగుగానున్నను గిడ్డంగిలోని ముట్టరాని అరలో ఉండవలసినదే.

మూలనిర్మాత లేనిచోట ఏమి గతి? వేరొక కర్మాగారము సమానత్వమును ఋజువుచేసి అనుమతి పొంది తయారుచేయవచ్చును. అమెరికాలో విమానపు యజమాని, ఆమోదింపబడిన పటము ననుసరించి, తన విమానమునకు మాత్రమే భాగమును చేయించుకొనవచ్చును. దానిని సరకుగా అమ్మరాదు. 1980కి పూర్వము ధ్రువపత్రము పొందిన చిన్న విమానములకై ఆ దేశపు విమానయాన శాఖ 2009లో ఒక మార్గదర్శక పత్రమును, తరువాత ‘వర్మ’ యను పొట్టిపేరు గల యొక పథకమును వెలువరించినది. ఈ వర్మకు మన వర్మలతో చుట్టరికము లేదు! అందలి వివేకము నాకు నచ్చినది. ఏ భాగము చెడినను విమానము క్షేమముగా దిగగలదో, ఆ భాగమునకే సులభమైన త్రోవ. రెక్కను పట్టు బోల్టునకు ఆ సడలింపు లేదు. రెంటికి నొకే నిబంధన పెట్టినచో చిన్న యజమాని విసిగి దొంగదారి త్రొక్కును.

1958 సెప్టెంబరు 28న బెంగుళూరులో తొలిసారి ఎగిరిన మన పుష్పక్ విమానమునకు గుడ్డ కప్పుదురు. ఇట్టి విమానములకు నూలుగుడ్డ బదులు పాలియెస్టరు గుడ్డ వేయు విధానములు వచ్చినవి. అది ఎక్కువ కాలము మన్నును. అయినను అనుమతి గుడ్డకు మాత్రమే కాదు, దాని జిగురునకు, పూతకు, కుట్టునకు, రంగునకు గూడ కలిపి యిత్తురు. ఒక విధానపు గుడ్డకు వేరొక విధానపు జిగురు పూసినచో, అది ఎంత గట్టిగా అంటినను, ఇంజనీరు లాగుపుస్తకములో సంతకము చేయడు.